ఒకే గుడ్డకు రెండు టేపులు

3, మంగళవారం

నూట నలభై ఎనిమిది.

ఆయన ఆ అంకెను బీరువా తలుపు లోపలివైపు పెన్సిల్‌తో రాశారు. ఆయన పని లిఫ్టులు బాగుచేయడం. ఏ లిఫ్టు ఏ నెలలో ఎన్నిసార్లు మొరాయించిందో గీత గీసుకుని చూసుకుంటారు. పెళ్ళయిన ఏడాదికి నాకు జబ్బు వస్తే నాకూ ఒక గీత మొదలుపెట్టారు. మూడు నెలలకో రక్త పరీక్ష, తలుపు మీద ఓ చుక్క. రెండు వందల పది దగ్గర మొదలైన గీత, మెట్లు దిగినట్టు దిగి దిగి పోయినసారి ముప్ఫై ఒకటికి వచ్చింది. ఇవాళ ఒక్కసారిగా లేచి నా రవికల అర దాకా పోయింది.

"రీడింగ్ అబద్ధం చెప్పదు," అన్నారు.

"ఒంటి మీద ఏమీ లేదు కదండీ," అన్నాను. అన్నాననుకున్నాను. ఆయనకు వినపడలేదు.

స్నానాల గదిలో తలుపు వేసుకుని చూసుకున్నాను. వీపు అద్దంలో చూసుకున్నాను. చంకల కింద, రొమ్ముల కింద, నెత్తిలో పాయలు తీసి. పాత మచ్చలు తప్ప ఒక్క పొక్కు లేదు. నోట్లో ఎడమ బుగ్గకు మాత్రం బ్రష్ గీసుకుంది. కొత్త బ్రష్, గట్టిది.

ఇది కొలతలు రాసుకునే పుస్తకం. వెనక నుంచి రాస్తున్నాను.

4, బుధవారం

మా పెద్ద డాక్టరమ్మ ఊళ్ళో లేరు. ఇరవైకి గాని రారట. ఆయన ఫోన్ చేస్తే చిన్న డాక్టరు ఎత్తాడు. అంకె విన్నాడు. నన్ను చూడలేదు, నాతో మాట్లాడలేదు. రోజూ వేసుకునే ఒక్క మాత్రను ఆరు చేయమన్నాడు.

ఆరు. ఒక్కటి దాకా రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆరు అంటే ఏమిటో వాళ్ళకు తెలియదు. మొహం చెంబులా అవుతుంది. మెడ మీద మూపు లేస్తుంది. చేతులు వణికి సూదిలో దారం ఎక్కదు. నేను యూనిఫారాలు కుట్టే చోట వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నన్ను కత్తిరింపు బల్ల దగ్గరకు రమ్మన్నారు. వణికే చేతికి కత్తెర ఎవరిస్తారు? ఈసారి పరీక్ష బావుంటే ఉన్న ఒక్క మాత్రనూ సగం చేద్దామని డాక్టరమ్మే అన్నారు. పొద్దున దాకా నేను సగం గురించి ఆలోచిస్తూ ఉన్నాను.

అత్తయ్య ఆరు మాత్రలు లెక్కపెట్టి సీసా మూతలో పోసి ఇచ్చారు. "మింగు, నేను చూస్తా," అన్నారు. ఇంతలో పాలు పొంగాయి. ఆవిడ అటు తిరిగారు.

ఒకటి మింగాను. ఐదు బాబిన్ల డబ్బాలో వేశాను.

నాకు భయం లేదు.

6, శుక్రవారం

మా వదిన వచ్చింది, ఆయన అక్క. ఆవిడకు నేను పెట్టుకున్న పేరు రేడియో. ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా అనను. గుమ్మంలో చెప్పు విడవక ముందే మొదలైంది.

"అయ్యో అమ్మా, చూశావా! దీని మొహం అప్పుడే ఉబ్బిపోయింది. మందు ఎంత చురుగ్గా పనిచేస్తోందో!"

"నిజమేనే. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా," అన్నారు అత్తయ్య.

అత్తయ్య రోజూ పొయ్యి వైపు తిరగగానే వేసినవి, బాబిన్ల డబ్బాలో అప్పటికి పదిహేను మాత్రలున్నాయి. నవ్వు ఆపుకోలేక బట్టలు తీసే వంకతో డాబా మీదకు పోయాను. దిగొచ్చేసరికి రేడియో ఆయనకు చెబుతోంది.

"ఉద్యోగం గిద్యోగం మానిపించు తమ్ముడూ. నలుగురిలో పొక్కులు లేస్తే మన పరువేం కావాలి? నువ్వు బాగుచేసే ఆ లిఫ్టు పక్క ల్యాబు వాళ్ళు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళారు చూడు, వాళ్ళు మా ఆయనకు బాగా తెలుసు. కరెక్టుగా చేస్తారు."

ఆ ల్యాబు పేరు చెప్పింది రేడియోనే. మా ఆసుపత్రి ల్యాబులో మూడు వారాలు ఆగమన్నారని, అంతదాకా ఎందుకని, ఇంటికే పిలిపించింది. కుర్చీలో కూర్చున్నచోటే పని అయిపోతే ఎవరికి చేదు?

బ్రష్ గీసుకున్నది ఇంకా తగ్గలేదు.

8, ఆదివారం

అందరూ రేడియో వాళ్ళింటికి పోయారు. నాకు తలనొప్పి అన్నాను. బీరువాలోంచి ఫైలు తీసి, కాగితాలన్నీ నేల మీద పరిచాను. రెండేళ్ళలో ఈ ఫైలు నేను ఎప్పుడూ విప్పలేదు. ఎవరో ఒకరు మోసేవాళ్ళు, నేను వెనక నడిచేదాన్ని.

ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను, చదవడం కష్టం. అంకెలకు చదువు అక్కర్లేదు.

మొదటిసారి పొక్కులు లేచినప్పుడు డాక్టరమ్మ చెప్పింది ఇప్పటికీ ఒక్క ముక్క మరిచిపోలేదు. జబ్బు పేరు పెంఫిగస్. అది పలకడానికి నాకు నెల పట్టింది. నేను కుట్టుపనిదాన్నని తెలిసి ఇలా చెప్పారు: "నీ చర్మం పొరలు కుట్లతో పట్టి ఉంటాయమ్మా. ఒంట్లో కాపలా కాయాల్సినవే పిచ్చెక్కి ఆ కుట్లు విప్పుతున్నాయి. విప్పినచోట నీరు చేరుతుంది. కుట్లు రెండు రకాలు. ఒకటి ఎక్కువగా నోటిని పట్టి ఉంచుతుంది, ఒకటి ఒంటిని. ఆ విప్పేవాళ్ళు రక్తంలో ఎంతమంది ఉన్నారో ఈ పరీక్ష లెక్కపెడుతుంది."

అందుకే ప్రతి కాగితంలో రెండు వరసలు. ఆయన తలుపు మీద వేసేది నోటి వరస, అదే పెద్దదని. ఒంటి వరస పోయినసారి పాత ల్యాబులోనూ ఈసారి కొత్త ల్యాబులోనూ హద్దులోనే ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

హద్దు ఎక్కడుందని వెతికాను. పాత ల్యాబు కాగితాలన్నిటిలో పక్కన చిన్న అక్షరాల్లో ఇరవై అని ఉంది. ఇరవై లోపు మామూలు. కొత్త ల్యాబు కాగితంలో యాభై.

మళ్ళీ చూశాను. వేలు పెట్టి చూశాను. యాభై. అంకె వెనక అక్షరాలు కూడా వేరు. పరీక్ష పేరు దగ్గర పాతవాటిలో ఎలైజా అని ఉంటుంది, ఆసుపత్రి ల్యాబు కిటికీ మీద చూసి చూసి ఆ ఐదు ఇంగ్లీషు అక్షరాలు నాకు బొమ్మలా తెలుసు. ఇందులో ఆ బొమ్మ లేదు. ఇంకేదో పొడుగు మాట.

మా కత్తిరింపు మేస్త్రీ చేరిన రోజే ఒక మాట చెబుతాడు. ఆర్డరు మొదలుపెట్టిన టేపుతోనే ఆర్డరు పూర్తి చెయ్యాలి. మధ్యలో టేపు తెగితే పాత ముక్కలన్నీ కొత్త టేపుతో మళ్ళీ కొలవాలి. ఒకసారి ఒకమ్మాయి ఒకవైపు అంగుళాలతో, మరోవైపు సెంటీమీటర్లతో కొలిచి రెండు వందల చొక్కా చేతులు కత్తిరించింది. ఆ చేతులు తొడగడానికి మనుషులు దొరకలేదు.

నా గీతలో ఆఖరి చుక్క వేరే టేపుది.

అరవాలనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి అరిచాను.

9, సోమవారం

ఆయన ముఖం కడుక్కుని తువ్వాలు కోసం చెయ్యి చాచినప్పుడు చెప్పాను. ఎదురుగా కూర్చుంటే నాకు మాట రాదు. మొహం మీద తువ్వాలు ఉన్నప్పుడు చెప్పేశాను.

"నువ్వెప్పుడు ఇంజనీరువయ్యావే?"

"మీ లిఫ్టుల్లో ఒకదాంట్లో ఆరుగురు అని రాసుంటుందా? ఇంకోదాంట్లో నాలుగు వందల కిలోలు అని రాసుంటుందా?"

"ఉంటుంది."

"మరి ఆరు ఎక్కువా, నాలుగు వందలు ఎక్కువా?"

తువ్వాలు మొహం మీదే ఉండిపోయింది. కాసేపటికి దించారు. "అది వేరు," అన్నారు. బీరువా తలుపు తీసి నిలబడ్డారు. వేశారు. మళ్ళీ తీశారు.

"సరే, హద్దు యాభై అనుకో. నూట నలభై ఎనిమిది దానికి కూడా మూడింతలు. పాతది ఇరవైకి ముప్ఫై ఒకటి, ఒకటిన్నర. ఎలా చూసినా పెరిగినట్టేగా?"

ఆయన లెక్క చేసే మనిషి. నాకు ఆ లెక్క తట్టలేదు. తట్టినా చేసేదాన్ని కాదేమో.

11, బుధవారం

అత్తయ్యకు బాబిన్ కావాల్సి వచ్చింది.

డబ్బా మంచం మీద బోర్లించారు. ఏడు రోజులవి, ముప్ఫై ఐదు మాత్రలు.

"ఎంత గుండెనే నీది! మూగిదానివనుకున్నాను. నీ చర్మం ఊడి పరుపుకు అంటుకుంటే, తడిగుడ్డ వేసి విడదీసింది ఎవరే? నేనా, నీ కుట్టు మిషనా?"

నిజమే. విడదీసింది ఆవిడే. మా అమ్మ కూడా చూడలేక గది బయట నిలబడింది. అత్తయ్య తిట్టుకుంటూ, తిట్టుకుంటూ, ఒక్క చుక్క నెత్తురు రాకుండా విడదీశారు. అది ఎలా మరిచిపోతాను?

"మీరేనత్తయ్యా," అన్నాను. "కానీ అవి నేను వేసుకోను. రోజూ ఒకటి వేసుకుంటున్నాను, అది మానను. ఆరు మాత్రం వేసుకోను. సరిగ్గా కొలిచాక వేసుకోమంటే వేసుకుంటాను."

"కొలిచారు కదే!"

"వేరే టేపుతో."

"ఏ టేపు? ఏం వాగుతున్నావు?"

ఇరవై సంగతీ యాభై సంగతీ అరిచి చెప్పాను. నా గొంతు ఇంత దూరం పోతుందని నాకే తెలియదు. పక్కింటివాళ్ళ కిటికీ మూసుకున్న చప్పుడైంది. విన్నాకే మూశారు లెండి.

అత్తయ్య మాత్రలన్నీ సీసాలో పోశారు. తర్వాత నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పారు. "ఏం, రెండ్రోజుల నుంచి అన్నీ చల్లారబెట్టుకుని తింటున్నావు?"

"బ్రష్ గీసుకుంది."

"ఆహా," అన్నారు. ఇంకేమీ అనలేదు.

12, గురువారం

ఒక్కదాన్నే ఆసుపత్రికి పోయాను. ఫైలు చంకలో పెట్టుకుని పోయాను. బస్సులో ముగ్గురు సీటివ్వబోయారు. ఫైలు చూస్తే జబ్బు మనిషి అనుకుంటారు కాబోలు. నిలబడే పోయాను.

ల్యాబు కిటికీ దగ్గరకు పోయాను. లోపల ఒక పెద్దావిడ, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, వేలితో ఇరవై చూపించాను, యాభై చూపించాను.

ఆవిడ చూసి కళ్ళజోడు తీసేసింది. "ఇది ఎవరు కనిపెట్టారమ్మా?"

"నేనే."

"ఏం చదువుకున్నావు?"

"ఆరు."

"మా దగ్గరకు పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు కూడా రెండు ల్యాబుల అంకెలు కలిపి గీతలు గీసుకొస్తారు తల్లీ. పద్ధతి వేరు, కిట్టు వేరు. దీన్నీ దాన్నీ పక్కన పెట్టకూడదు. మూడింతలా ఒకటిన్నరా అని లెక్కకట్టినా కుదరదు."

ఆయన లెక్కకు జవాబు అదే. బస్సు దిగి ఇంటికి పరిగెత్తి చెప్పాలనిపించింది.

"మరి మూడు వారాలు ఎందుకు ఆగమన్నారు?"

"ప్లేటు నిండాలి. తొంభై ఆరు గుంటలుంటాయి. మీ జబ్బు వాళ్ళు నలుగురు వస్తే నాలుగు గుంటల కోసం ప్లేటంతా పారేయలేం. అందుకని పోగుచేసి ఒకేసారి చేస్తాం. వచ్చే మంగళవారం చేస్తున్నా." అని, కాసేపు నన్ను చూసి, "నీ పోయినసారి రక్తం మిగిలింది, ఫ్రిజ్‌లో మంచులా గడ్డకట్టించి దాచాం. ఇవాళ కొత్తది ఇవ్వు. రెండూ ఒకే ప్లేటులో పక్కపక్కన పెడతా. అప్పుడు పెరిగిందా లేదా అన్నది తేలిపోతుంది," అంది.

పాత గుడ్డనూ కొత్త గుడ్డనూ ఒకే టేపుతో. మా మేస్త్రీ వింటే ఆవిడను పనిలో పెట్టుకుంటాడు.

రక్తం తీసేముందు కాగితం నింపింది. "కొత్త పొక్కులు?" లేవన్నాను. "నోట్లో పుండ్లు?"

లేవన్నాను.

బ్రష్ గీసుకున్నదాన్ని పుండు అనరు కదా.

14, శనివారం

మెత్తటి బ్రష్ కొన్నాను. ఇక తగ్గుతుంది.

15, ఆదివారం

రేడియో ఫోన్ చేసి ఆయనతో ముప్పావు గంట మాట్లాడింది. పెళ్ళాం చెప్పినట్టల్లా ఆడేవాడికి అక్క ఎందుకు అని. ఆయన "ఊఁ" అన్నారు, "ఊఁ" అన్నారు, చివరికి "అక్కా, నీ ఇంట్లో తూకం రాయి, కొట్లో తూకం రాయి ఒకటేనా?" అన్నారు. రేడియో ఆగడం మొదటిసారి విన్నాను. మొన్న ల్యాబావిడ మాట చెప్పినప్పుడు ఈయన తల పంకించి ఊరుకున్నారు. అదే మాటకు తన బట్టలు తొడిగి అక్కకు పంపించారు.

నేను నవ్వలేదు. బుగ్గ సాగితే మండుతోంది.

17, మంగళవారం

ప్లేటు రోజు. పని లేకపోయినా పోయాను. ల్యాబావిడ కిటికీ అద్దంలోంచి చూపించింది. చేతిలో పట్టేంత పలక, దాని నిండా బఠాణీ గింజంత గుంటలు. ఏదో మందు పోస్తే ఒక్కొక్కటీ నీలం తిరిగాయి. కొన్ని లేతగా, కొన్ని ముదురుగా. ఇంకో మందు పోయగానే అన్నీ ఒక్క క్షణంలో పసుపు అయిపోయాయి. ఎంత ముదురు పసుపైతే విప్పేవాళ్ళు అంతమంది.

"నీవి ఆ మూల," అని వేలు చూపించింది.

నోటివి రెండు, పక్కపక్కన. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. రంగు చూడటం నాకు తెలిసిన పని. ఒకే తానులో రెండు చివర్లకు రంగు తేడా వస్తే మేస్త్రీ కన్నా ముందు నేను పడతాను.

రెండోది కాస్త ముదురు.

వెలుతురు అలా పడిందేమో. మిషను చెప్పాలి, నేనెవరిని?

19, గురువారం

రేపు డాక్టరమ్మ. ఈ పేజీలన్నీ మొదటి నుంచి చదివాను. బ్రష్, బ్రష్, బ్రష్. ఎవరికి రాసుకుంటున్నాను ఈ అబద్ధం? ఈ పుస్తకం ఎవరూ చూడరు కదా.

20, శుక్రవారం

ఆయన, అత్తయ్య, నేను. ఫైలు నా ఒళ్ళో. అత్తయ్య చెయ్యి చాచారు, ఇవ్వలేదు.

డాక్టరమ్మ కాగితం చదివారు. ఒంటి వరస పాతది ఏడు, కొత్తది ఆరు. నోటి వరస, పోయినసారి ముప్ఫై ఒకటి అన్న పాత రక్తానికి ఈ ప్లేటులో ముప్ఫై మూడు, కొత్త రక్తానికి యాభై రెండు. హద్దు రెండిటికీ ఇరవై.

"నూట నలభై ఎనిమిది అన్నది మన లెక్కలో లేదు, దాన్ని వదిలేయండి," అన్నారు. "ఒంటికి ఢోకా లేదు. నోటిది కాస్త పెరిగింది. కానీ నోరు పూర్తిగా మానినవాళ్ళలో కూడా ఈ అంకె ఏళ్ళ తరబడి హద్దు పైన ఉండిపోవచ్చు. అందుకే అంకె చూసి మాత్ర పెంచను. నోరు చూడాలి." నా వైపు తిరిగారు. "ల్యాబులో నోట్లో ఏమీ లేదని రాయించావు. అంతేనా?"

"అవును డాక్టరుగారూ, ఏమీ లేదట," అన్నారు ఆయన సంతోషంగా.

అత్తయ్య నన్ను చూశారు. ఆవిడకు తెలుసు. బ్రష్ అన్న రోజే తెలుసు. ఇప్పుడు నోరు విప్పితే ఆవిడే గెలుస్తారు. ఒళ్ళో చేతులు పెట్టుకుని గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నారు.

అవునంటే ఇప్పుడే సగం మాత్ర ఇస్తారు. ఒకటో తారీఖు బల్ల నాది. అందరి ముందూ నేను చెప్పిందే నిజమవుతుంది.

"ఉంది," అన్నాను. "ఎడమ బుగ్గకు. ఈ నెల ఒకటి నుంచి. ల్యాబులో అబద్ధం చెప్పాను. ఆరు మాత్రలు కూడా వేసుకోలేదు. ఒకటే వేసుకున్నాను."

ఆయన కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నారు. డాక్టరమ్మ లైటు వేసి చూశారు, గాజుగుడ్డతో బుగ్గ లాగి చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు. నొప్పికి.

"ఒక్కటే. చిన్నది. కానీ అదే జబ్బు, బ్రష్ కాదు." చేతులు కడుక్కుంటూ తిట్టారు. "ల్యాబు తేడా పట్టావు, మెచ్చుకుంటాను. కానీ ఎవరికీ చెప్పకుండా మాత్రలు దాచావే, అది తెలివి కాదు. నీ అదృష్టం బాగుండి ఒక్క పుండుతో ఆగింది. నచ్చకపోతే వచ్చి పోట్లాడు. దాచకు."

"ఆరు వేసుకోవాలా?"

"అక్కర్లేదు. ఒకటే కొనసాగించు. సగం మాట ఇప్పుడు కాదు. పుండుకు పూతమందు రాస్తాను, రోజుకు మూడుసార్లు. రెండు వారాలకు రా. ఈలోగా ఇంకో పుండు లేస్తే మాత్రం మాత్రలు పెంచుతాను, అప్పుడు నాతో వాదించకూడదు."

"వాదిస్తాను," అన్నాను. "కానీ వేసుకుంటాను."

డాక్టరమ్మ నవ్వారు. ఆయన నవ్వలేదు, నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు. చూడనీ.

బయటికొచ్చాక అత్తయ్య, "నా కళ్ళు కప్పడానికి ఇంకో ఏడు జన్మలెత్తాలి నువ్వు," అన్నారు.

"మరి చెప్పలేదేం?"

"నోరు నీదా, నాదా?"

21, శనివారం

ఆయన నూట నలభై ఎనిమిదిని చెరపలేదు. దాని చుట్టూ సున్నా చుట్టి, గీత నుంచి విడగొట్టారు. ముప్ఫై మూడు, యాభై రెండు పక్కపక్కన వేశారు. పెరిగినది పెరిగినట్టే వేయమన్నాను. ఒంటి వరసకు కూడా కింద ఇంకో గీత గీయించాను. ఏడు, ఆరు. అది కూడా నా ఒళ్ళే.

1, బుధవారం

కత్తిరింపు బల్ల. నలభై పొరల గుడ్డ. చెయ్యి వణకలేదు. మధ్యాహ్నం అందరి ముందూ పూతమందు రాసుకున్నాను. "ఏంటక్కా అది?" అని అడిగితే జబ్బు పేరు చెప్పాను, పూర్తిగా. అంటుకోదని కూడా చెప్పాను. ఒకమ్మాయి తన పళ్ళెం జరుపుకుంది. నేను నా పళ్ళెం జరపలేదు.

3, శుక్రవారం

రెండో పుండు లేవలేదు. మొదటిది చాలావరకు మానింది. ఒక మూల ఇంకా ఎర్రగా ఉంది.

పనికి గంట సెలవు పెట్టి ఒక్కదాన్నే ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ దగ్గరకు పోయేముందు మళ్ళీ రక్తం ఇవ్వాలి. ల్యాబావిడ చేతులకు తొడుగులు వేసుకుని ఉంది. కాగితం నా వైపు తోసి, "నువ్వే నింపు," అంది.

రాశాను. కొత్త పొక్కులు, లేవు. నోట్లో పుండు, ఒకటి, మానుతోంది. మాత్రలు, రోజుకు ఒకటి, ఒక్క రోజూ మానలేదు.

అడుగున ఒక గడి ఉంది, వివరాలు చెప్పినవారు అని. పాత కాగితాలు ఫైలులో తిరగేసి చూశాను. పోయినసారి ఆ గడి ఖాళీ. అంతకుముందు రెండేళ్ళూ అక్కడ భర్త అనే ఉంది, ఒకచోట అత్తగారు.

నేనే, అని రాశాను. అక్షరాలు గడిలో పట్టలేదు. బయటికి రానిచ్చాను.